తలుపు వెయ్యని ఆకాశం

"అత్తా, విమానాల మాటలు వినే స్కానర్ ఒకటి కొనుక్కుందామనుకుంటున్నా. ఏది కొనమంటావ్?" అని మా మేనల్లుడు జనవరిలో అడిగాడు. వాడు హైదరాబాద్ నుంచి టెక్సస్‌లోని ఇర్వింగ్‌కి వచ్చి అప్పటికి ఆర్నెల్లు. వాడి అపార్ట్‌మెంటు బాల్కనీలో నిలబడితే డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో దిగే విమానాల చక్రాలు కనిపిస్తాయి. అప్పటికే ఆరేడు వందల డాలర్ల డిజిటల్ స్కానర్ ఒకటి చూసి పెట్టుకున్నాడు. "దాని మీద డబ్బు పెట్టకు. ఆదివారం భోజనానికి రా, చెప్తాను" అన్నాను.

ఆ ఆదివారం వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఈ యంత్రం మీదుండే ప్రతి మీట వెనకా వందేళ్ళ చరిత్ర ఉంది. అది తెలిస్తే ఏది కొనాలో ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లో. బేగంపేట విమానాశ్రయం గోడ పక్కన నిలబడి, నెత్తి మీదుగా పోయే విమానాన్ని చూసి చేతులూపిన పిల్లల్లో నేనూ ఒకదాన్ని. అప్పుడు మాకు వినిపించింది ఇంజిన్ల మోత ఒక్కటే. ఆ మోత లోపల ఒక మనిషి మాట్లాడుతున్నాడనీ, కింద ఇంకో మనిషి జవాబిస్తున్నాడనీ మాలో ఎవరికీ తట్టలేదు. అది నాకు తెలిసింది 1991లో, ఇర్వింగ్‌లో ఒక గరాజ్ సేల్‌లో. పాత బొమ్మల మధ్య చేతిలో పట్టేంత నల్లటి రేడియో కనిపించింది. దాని మీద రియలిస్టిక్ అని రాసి ఉంది. పదిహేను డాలర్లిచ్చి తెచ్చుకుని, కొత్త పెన్సిల్ సెల్లు వేసి మీట నొక్కితే అంకెలు పరుగెత్తి, పరుగెత్తి, ఒకచోట ఆగాయి. ఎవరో మగమనిషి నిదానంగా, తొందర లేకుండా, రన్‌వే నంబరు చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడే మా ఇంటి కప్పు మీదుగా ఒక విమానం వెళ్ళింది. చేతిలోని గొంతూ నెత్తి మీది విమానమూ ఒకటేనని అర్థమైన ఆ క్షణం నుంచి నేను వింటూనే ఉన్నాను.

మొదట్లో ఆకాశంలో మాటే లేదు. 1910 ఆగస్టులో జేమ్స్ మెక్‌కర్డీ అనే కెనడా పైలట్ న్యూయార్క్ దగ్గర షీప్స్‌హెడ్ బే మీద ఎగురుతూ విమానం నుంచి కిందికి వైర్‌లెస్ సందేశం పంపాడు. అది మోర్స్ టకటకలు, మాట కాదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు పైలట్లు కింద జెండా ఊపే మనిషిని చూసే దిగారు. అమెరికా మొదటి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా చెప్పుకునే ఆర్చీ లీగ్ 1929లో సెయింట్ లూయిస్ లాంబర్ట్ మైదానంలో ఆ పని చేశాడు. కుర్చీ, ఎండకి గొడుగు, మధ్యాహ్నం భోజనం, రెండు జెండాలు ఒక తోపుడు బండిలో వేసుకుని రన్‌వే చివరికి వెళ్ళేవాడు. గళ్ళ జెండా ఊపితే రావచ్చు, ఎర్ర జెండా ఊపితే ఆగాలి.

1930లో క్లీవ్‌లాండ్ విమానాశ్రయంలో అమెరికాలో మొదటిసారి కంట్రోల్ టవర్‌కి రేడియో వచ్చింది. జెండాకి గొంతు వచ్చినట్టయింది. అంతకంటే పదేళ్ళ ముందే లండన్ దగ్గర క్రాయ్‌డన్‌లో టవర్ కట్టి, పారిస్ నుంచి వచ్చే విమానాలతో రేడియోలో మాట్లాడుతున్నారు. అక్కడి రేడియో అధికారి ఫ్రెడరిక్ మాక్‌ఫర్డ్‌ని ఇటు ఇంగ్లిష్ వాళ్ళకీ అటు ఫ్రెంచి వాళ్ళకీ తేలిగ్గా తెలిసే ఆపద మాట ఒకటి కావాలని అడిగారు. నాకు సాయం చెయ్యమనే అర్థమున్న ఫ్రెంచి మాట ధ్వనిని పట్టుకుని 'మేడే' అని అతను చెప్పాడు. 1927 వాషింగ్టన్ అంతర్జాతీయ రేడియో ఒప్పందం దాన్ని ప్రపంచమంతటికీ ఆపద పిలుపు చేసింది. జెండాలు కూడా పూర్తిగా పోలేదు. రేడియో చెడిపోయిన విమానం వస్తే ఎరుపు, ఆకుపచ్చ వెలుగులతో చెప్పడానికి ఇవాళ్టికీ టవర్లలో లైట్ గన్ ఉంటుంది.

ఇక మేనల్లుడికి నేను చెప్పిన మొదటి షరతు: యంత్రం ఏఎం వినగలగాలి.

వాడికి ఆశ్చర్యం వేసింది. పాటలు ఏఎం నుంచి ఎఫ్ఎంకి వచ్చి ఎన్నాళ్ళో అయింది. పోలీసు రేడియోలు డిజిటలై, చాలాచోట్ల తాళం కూడా వేసుకున్నాయి. విమానాలు మాత్రం ఇంకా ఏఎంలోనే మాట్లాడుకుంటున్నాయి. దానికి కారణముంది. ఎఫ్ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన గొంతు నెగ్గుతుంది. బలహీనమైనది ఆనవాలు లేకుండా మాయమవుతుంది. ఏఎంలో ఇద్దరూ కలిసి కీచుమంటారు. మాట అర్థం కాకపోయినా, కింద ఇంకెవరో ఉన్నారని తెలుస్తుంది. చిన్న గొంతు పూర్తిగా అణిగిపోకుండా ఆ కీచు కాపాడుతుంది.

ఆ కీచుకి ఒక భయంకరమైన చరిత్ర ఉంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనెరిఫె దీవిలో, పొగమంచులో, రెండు జంబో జెట్లు, ఒకటి కేఎల్ఎంది, ఇంకోటి పాన్ యామ్‌ది, ఒకే రన్‌వే మీద ఉన్నాయి. కేఎల్ఎం పైలట్ తాము బయల్దేరుతున్నట్టు చెప్పాడు. ఆగమని టవర్ చెబుతుండగానే, తామింకా రన్‌వే మీదే ఉన్నామని పాన్ యామ్ సిబ్బంది చెప్పారు. రెండూ ఒకేసారి కావడంతో కేఎల్ఎం కాక్‌పిట్‌లో మూడు, నాలుగు సెకన్లపాటు ఆ మాటల్ని కీచుమన్న శబ్దం కప్పేసింది. మళ్ళీ చెప్పమని ఎవరూ అడగలేదు. రెండు విమానాలూ ఢీకొని 583 మంది పోయారు. ఇవాళ మీరు స్కానర్లో వినే భాష చాలావరకు ఆ రోజు తర్వాత గట్టిపడిందే. 'టేకాఫ్' అనే మాటని అనుమతి ఇచ్చేటప్పుడో, ఇచ్చినది వెనక్కి తీసుకునేటప్పుడో తప్ప కంట్రోలర్ వాడడు. 'సరే' అంటే చాలదు, ఇచ్చిన అనుమతిని పైలట్ మొత్తం తిరిగి చెప్పాలి. రెండు గొంతులు ఢీకొంటే ఎవరో ఒకరు 'బ్లాక్డ్' అంటారు, మాట మళ్ళీ మొదలవుతుంది. చవగ్గా దొరికే వాకీటాకీల్లో చాలావాటికి ఏఎం రాదు. వాటిని విమానాల కోసం కొన్నవాళ్ళకి దక్కేది గరగర మాత్రమే.

రెండో షరతు: 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ దాకా పూర్తిగా అందాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విమానాల మాటలు ఈ వీహెచ్ఎఫ్ బ్యాండులో స్థిరపడ్డాయి. విమానాలు పెరిగినకొద్దీ ఇంటి స్థలాన్ని అన్నదమ్ములు పంచుకున్నట్టు ఈ జాగాని ముక్కలు చేస్తూ వచ్చారు. 1970ల నుంచి ఒక్కో ఛానెల్‌కి 25 కిలోహెర్ట్జ్ వాటా. ఆ లెక్కన మొత్తం 760 ఛానెళ్ళు. యూరప్ ఆకాశానికి అదీ చాలక 1999 నుంచి ఆ ముక్కని మళ్ళీ మూడు చేసి 8.33 కిలోహెర్ట్జ్‌కి దిగింది. చివరి ముక్క, 136 నుంచి 137 దాకా, ఆలస్యంగా వచ్చి చేరింది. అందుకే పాత యంత్రాల్లో కొన్ని 136 దగ్గరే ఆగిపోతాయి. పాతది కొనేవాళ్ళు పెట్టె వెనక రాసిన ఆ అంకె చూసుకోవాలి. ఎప్పుడైనా యూరప్‌కి మకాం మార్చేవాళ్ళు 8.33 అడుగులో కదిలేదాన్ని తీసుకోవాలి.

ఈ యంత్రమే ఎలా పుట్టిందో చెప్పినప్పుడు వాడి కళ్ళు మెరిశాయి, ఎందుకంటే ఆ కథలో సగం మా ఊరి చుట్టుపక్కలదే. 1954లో ఇండియానాపోలిస్‌లోని రీజెన్సీ సంస్థ, మా డాలస్‌లోని టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ట్రాన్సిస్టర్లతో, మార్కెట్లోకి వచ్చిన మొదటి ట్రాన్సిస్టర్ రేడియోని చేసింది. ధర 49.95 డాలర్లు. రేడియో జేబులోకి దిగింది. తర్వాత ఆ రీజెన్సీయే పోలీసు, అగ్నిమాపక దళాల మాటలు వినే రేడియోలు చేసింది. అదే ఇండియానాలో ఎలెక్ట్రా అనే సంస్థ బేర్‌క్యాట్ పేరుతో స్కానర్లు తెచ్చింది. స్కానర్ అంటే, ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర నిశ్శబ్దంగా ఉంటే దాన్ని దాటి ఇంకోదాన్ని తట్టి చూస్తూ, మాట దొరికినచోట ఆగే రేడియో.

తొలి స్కానర్లకి ఒక్కో ఛానెల్‌కీ ఒక్కో క్రిస్టల్ కావాలి. మన ఊరి టవర్ ఫ్రీక్వెన్సీ చెప్పి, దానికి తగ్గ క్రిస్టల్ విడిగా కొని, మూత తీసి గుచ్చుకోవాలి. ముందున్న ఎర్ర దీపాలు ఒకదాని వెంట ఒకటి వెలిగి ఆరుతూ పోయేవి. టవర్ ఫ్రీక్వెన్సీ మార్చితే ఆ క్రిస్టల్ దండగే. 1970ల మధ్య నుంచి అంకెలు నొక్కితే ఫ్రీక్వెన్సీని తనే తయారుచేసుకునే స్కానర్లు వచ్చాయి. 1980ల మొదట్లో అవి చేతిలోకి వచ్చాయి. ఎలెక్ట్రా, రీజెన్సీల స్కానర్ల వ్యాపారం తర్వాత జపాన్ సంస్థ యూనిడెన్ చేతికి పోయింది. బేర్‌క్యాట్ పేరు మాత్రం వాటి మీద ఇంకా ఉంది. యూనిడెన్ అమెరికా విభాగం మకాం మా డాలస్–ఫోర్ట్‌వర్త్ ప్రాంతమే.

నా గరాజ్ సేల్ రేడియో రేడియోషాక్ వాళ్ళది. 1921లో బోస్టన్‌లో పెట్టిన ఆ కొట్టుకి ఆ పేరు ఓడ మీద వైర్‌లెస్ పరికరాలుండే చిన్న గది నుంచి వచ్చింది. 1963లో ఫోర్ట్‌వర్త్‌కి చెందిన చార్లెస్ టాండీ, తోలు సామాను వ్యాపారి, దాన్ని కొని అమెరికాలో ఊరూరా తెరిచాడు. నేను మొదటి మంచి ఏంటెన్నా కొన్నది అలాంటి కొట్లోనే. కౌంటరు వెనక నెరిసిన జుట్టాయన విమానాల ఫ్రీక్వెన్సీలకి నాలుగో వంతు తరంగం ఎంత పొడుగో కాగితం మీద లెక్క వేసి చూపించాడు. 300ని 127తో భాగిస్తే 2.36 మీటర్లు, అందులో నాలుగో వంతు 59 సెంటీమీటర్లు. పెట్టెతో వచ్చే పొట్టి రబ్బరు ఏంటెన్నా అన్నిటికీ సరిపెట్టే రకమనీ, విమానాల కోసమైతే ఈ పొడుగున్నది మేలనీ చెప్పాడు. 2015లో ఆ సంస్థ దివాలా తీసినప్పుడు నాకు ఆయన కాగితమే గుర్తొచ్చింది. అది ఇప్పటికీ నా ఫ్రీక్వెన్సీల నోటుబుక్కులో ఉంది.

ఆ నోటుబుక్కులోనే 1994 జూన్ పేజీ ఒకటుంది. అమ్మ మొదటిసారి అమెరికా వస్తోంది. బొంబాయి నుంచి హీత్రో, అక్కణ్ణుంచి బస్సులో గాట్విక్, గాట్విక్ నుంచి మా ఊరు. ఇంగ్లిష్ రాని మనిషి ఒక్కతే వస్తోంది. ఆ రోజుల్లో విమానం ఎక్కడుందో చూపే యాప్‌లు లేవు. విమానాశ్రయానికి ఫోన్ చేస్తే సంగీతం వినిపించేవాళ్ళు. నేను వంటింటి కిటికీ దగ్గర స్కానర్ పట్టుకుని కూర్చున్నాను. బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానాలు రేడియోలో ఆ పేరుతో పలకవు. 1932లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కోసం గీసిన పక్షి గుర్తు పేరే వాటి పిలుపు: స్పీడ్‌బర్డ్. మూడు గంటలు కూర్చున్నాక ఆ మాట వినిపించింది. స్పీడ్‌బర్డ్, నంబరు, హెవీ. హెవీ అంటే పెద్ద విమానం, దాని వెనక వచ్చేవాళ్ళు ఎడంగా ఉండాలన్న హెచ్చరిక. ఎంత ఎత్తుకి దిగాలో కంట్రోలర్ చెప్పాడు, పైలట్ తిరిగి చెప్పాడు. పది సెకన్లు కూడా లేదు. నేను కారు తాళాలు తీసుకున్నాను.

తర్వాత అమ్మ ఉన్న నాలుగు నెలలూ ఆ రేడియో వంటింట్లోనే మోగింది. గోరుచిక్కుళ్ళు తుంచుతూ వినేది. ఒక మధ్యాహ్నం అంది: "పైవాడు చెప్పింది కిందివాడు, కిందివాడు చెప్పింది పైవాడు, పొల్లు పోకుండా మళ్ళీ చెప్తున్నారే. పంతులుగారు సంకల్పం చెప్పించినట్టుంది." ఒక్క మాటా అర్థం కాని మనిషి ఆ భాష ఆయువుపట్టు పట్టుకుంది. నేను మూడేళ్ళు విని కూడా అంత చక్కగా చెప్పలేకపోయాను.

ఇంకోసారి, "ఇది వినడానికి లైసెన్సు కట్టావా?" అని అడిగింది. ఆవిడ భయం అర్థం లేనిది కాదు. నా చిన్నప్పుడు మా ఇంట్లో మర్ఫీ రేడియోకి నాన్న ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకొచ్చేవాడు. ఇండియాలో లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గరుంచుకోవడమే నేరమని 1933 నాటి చట్టం అంది. పాటల రేడియోకి ఆ బాధ 1980లలో తప్పింది గానీ ఇలాంటి స్కానర్లకి కాదు. బ్రిటన్‌లో స్కానర్ కొనుక్కోవచ్చు, విమానాల మాటలు మాత్రం వినకూడదు. అమెరికాలో 1986లో ఇతరుల ఎలెక్ట్రానిక్ సంభాషణలు దొంగతనంగా వినడాన్ని నిషేధిస్తూ చట్టం చేసినప్పుడు, ఓడల, విమానాల మాటలకి మినహాయింపునిచ్చారు. అదే దేశం సెల్‌ఫోన్ మాటలు వినగలిగే స్కానర్లని 1994 నుంచి మార్కెట్లోకి రానివ్వలేదు. ఈ రెండు నిర్ణయాలూ సరైనవేనని నా నమ్మకం. సెల్‌ఫోన్‌లో మాట ఇద్దరిది. ఆకాశంలో మాట అందరిది. ఒక విమానానికి ఇచ్చిన అనుమతిని పక్క విమానం వింటేనే తప్పు జరిగినప్పుడు మూడోవాడు పట్టుకోగలడు. అందరి ప్రాణం కోసం తెరిచిన తలుపు దగ్గర నేనూ నిలబడి వింటున్నాను, అంతే. అందుకే మేనల్లుడికి గట్టిగా చెప్పాను: దీన్ని హైదరాబాద్ పట్టుకెళ్ళకు, ఇక్కడ విన్నది ఎవరినీ ఇబ్బంది పెట్టడానికి వాడకు.

వినడం మొదలుపెట్టాక మాటలు అర్థం కావడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. అక్షరాలకి ఆల్ఫా, బ్రావో, చార్లీ అనే పేర్లు 1956 నుంచి అమల్లో ఉన్నవి. ఎన్నో భాషల వాళ్ళ నాలుకల మీద పరీక్షించి ఎంచినవి. అంకెల్లో తొమ్మిదిని 'నైనర్' అంటారు, గరగరలో ఐదుతో కలిసిపోకుండా. ఈ జాగ్రత్తంతా ఎందుకో మన దేశమే చూసింది. 1996 నవంబరు 12న ఢిల్లీకి పడమర చర్ఖీ దాద్రీ మీద సౌదీ, కజక్ విమానాలు ఆకాశంలో ఢీకొని 349 మంది చనిపోయారు. కజక్ విమానం తనకిచ్చిన ఎత్తు కంటే కిందికి దిగిపోయింది. ఆ సిబ్బందికి ఇంగ్లిష్ అంతంతమాత్రమేనన్న సంగతి విచారణలో పైకొచ్చింది. పైలట్లకీ కంట్రోలర్లకీ అంతర్జాతీయ స్థాయిలో ఇంగ్లిష్ పరీక్షలు రావడానికి ఇలాంటి ప్రమాదాలే కారణం. అందుకే ఇవాళ స్కానర్లో ఏ యాసలో పైలట్ రెండోసారి అడిగినా కంట్రోలర్ నిదానంగా మళ్ళీ చెప్పడం వింటే నాకు గౌరవం కలుగుతుంది.

ఇక ఏది కొనాలి? చరిత్రంతా విన్నాక వాడే లెక్క కట్టాడు. విమానాలు ఏఎం వదల్లేదు కాబట్టి డిజిటల్ యంత్రం అక్కర్లేదు, నూరు, నూటయాభై డాలర్లలో వచ్చే మామూలు స్కానర్ చాలు. 500 ఛానెళ్ళు పట్టే యూనిడెన్ బేర్‌క్యాట్ బీసీ125ఏటీ లాంటిదైతే 137 దాకా అందుతుంది, 8.33 అడుగూ వేస్తుంది. మిలిటరీ విమానాలు మాట్లాడే 225 నుంచి 380 దాకా కూడా వింటుంది. ఫోర్ట్‌వర్త్ సైనిక స్థావరం దగ్గరే కాబట్టి అదీ పనికొస్తుంది. రెండు పెన్సిల్ సెల్లతో నడుస్తుంది. ఛానెల్‌కి అంకె బదులు పేరు పెట్టుకోవచ్చు. మిగిలిన డబ్బుతో 59 సెంటీమీటర్ల ఏంటెన్నా, మంచి ఇయర్‌ఫోను కొనమన్నాను. ఏంటెన్నా ఎంత మంచిదైనా కొండల వెనకున్న టవర్ గొంతు వినపడదు. 35,000 అడుగుల ఎత్తున ఎగిరే విమానం గొంతు మాత్రం నాలుగు వందల కిలోమీటర్ల అవతల నుంచీ రావచ్చు. ఈ తరంగాలు చూపులాగే తిన్నగా పోతాయి. అందుకే ఎక్కువ ఊళ్ళలో సంభాషణలో సగమే వినిపిస్తుంది. రెండు వైపులా వినాలంటే టవర్ కనిపించేచోట ఉండాలి.

ఏప్రిల్‌లో వాడి అమ్మ, అంటే మా తమ్ముడి భార్య, కొడుకుని చూడ్డానికి వచ్చింది. వాడు స్కానర్ కొంటానన్నది ఆమె రాక వినడానికేనని నాకు అప్పుడు తెలిసింది. యాప్‌లో చుక్క కదులుతూ కనిపిస్తుంది కదరా అంటే, "చుక్క మాట్లాడదు కదత్తా" అన్నాడు. ఇద్దరం విమానాశ్రయం ఉత్తరాన ఉన్న ఫౌండర్స్ ప్లాజాకి వెళ్ళాం. అక్కడ 1985 ఆగస్టు 2న దిగబోతూ ఉరుముల మబ్బు కింద హఠాత్తుగా కుమ్మరించిన గాలికి కూలిన డెల్టా 191 స్మారకం ఉంది. 137 మంది పోయారు. వానాకాలంలో టవర్ 'మైక్రోబర్స్ట్ అలర్ట్' అనే హెచ్చరిక చదివినప్పుడు వెనకున్నది ఆ రోజే. వాడు స్మారకం ముందు కాసేపు నిలబడి, స్కానర్ మీట నొక్కాడు.

దక్షిణపు గాలి. విమానాలు ఉత్తరం నుంచి మా తలల మీదుగా దిగుతున్నాయి. ఎమిరేట్స్, నంబరు, హెవీ అన్న పిలుపు వినిపించింది. టవర్ రన్‌వే చెప్పింది, దిగడానికి అనుమతిచ్చింది. పైలట్ రన్‌వేనీ అనుమతినీ తన పేరునీ పొల్లు పోకుండా తిరిగి చెప్పాడు. మా మేనల్లుడు ఆకాశం వైపు చూస్తూ, తనకి తెలియకుండానే, ఆ మాటల్ని పెదాలతో తనూ చెబుతున్నాడు.